గ్రాఫిక్స్ కార్డు మార్చేటప్పుడు ఎస్‌ఎంపీఎస్‌ను ఎంచుకోవడం ఎలా?

కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనాలనుకునేవారు ఏ కార్డు ఏ గేములో ఎన్ని ఫ్రేములు ఇస్తుందో వారాల తరబడి పోల్చి చూస్తారు. ఆ కార్డుకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ సంగతి మాత్రం దుకాణంలో బిల్లు రాయించుకునేటప్పుడు, "పాతది సరిపోతుందా అండీ?" అనే ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది. "అయిదొందల వాట్లు ఉంది కదా, సరిపోతుంది" అన్న జవాబు నిజం కావచ్చు, కాకపోవచ్చు. పెట్టె మీద అచ్చువేసిన వాట్ల సంఖ్యను బట్టి ఆ సంగతి తేల్చలేం. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ రెండూ తమకు కావలసిన కరెంటును దాదాపు పూర్తిగా 12 వోల్టుల లైను నుంచే తీసుకుంటాయి. కాబట్టి అడగవలసిన ప్రశ్నలు రెండు: ఆ లైను మీద ఎన్ని ఆంపియర్లు వస్తాయి? అవి ఏ కేబుళ్ల ద్వారా కార్డు దాకా చేరతాయి?

వివరణ గాలిలో ఉండకుండా ఒక కంప్యూటరును ఉదాహరణగా తీసుకుందాం. అందులో ఇంటెల్ ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, జీటీఎక్స్ 1650 కార్డు, ఒక ఎస్‌ఎస్‌డీ, ఒక హార్డ్ డిస్కు, క్యాబినెట్‌తో పాటు వచ్చిన 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉన్నాయి. ఆ కంప్యూటరు యజమాని పాత కార్డు తీసేసి ఆర్‌టీఎక్స్ 5070 పెట్టుకోవాలనుకుంటున్నారు.

మొదటి అడుగు: పాత ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చదవడం

కంప్యూటరు ఆపి, ప్లగ్గు తీసి, క్యాబినెట్ పక్క తలుపు తెరిస్తే ఎస్‌ఎంపీఎస్ ఒంటి మీద ఒక పట్టిక కనిపిస్తుంది. అందులో +3.3, +5, +12, −12 వోల్టుల గడులు, వాటి కింద ఆంపియర్ల సంఖ్యలు ఉంటాయి. మనకు కావలసింది +12 గడి. అక్కడున్న ఆంపియర్లను 12తో గుణిస్తే ఆ లైను ఇవ్వగల వాట్లు వస్తాయి. బాగా తయారైన 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో ఈ గడిలో 45 ఆంపియర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే 540 వాట్లు, మొత్తం రేటింగులో దాదాపు అంతా అన్నమాట. చవక రకాల్లో పెద్ద అక్షరాలతో 450 అని రాసి, ఈ గడిలో 16 ఆంపియర్లు మాత్రమే చూపినవి ఉంటాయి. 16ను 12తో గుణిస్తే 192 వాట్లు. మిగతా వాట్లన్నీ 3.3, 5 వోల్టుల లైన్ల ఖాతాలో ఉంటాయి. పాతికేళ్ల కిందటి కంప్యూటర్లు ఆ లైన్లను బాగా వాడుకునేవి. ఇప్పటి కంప్యూటరుకు వాటితో పని తక్కువ.

మా తమ్ముడి కంప్యూటరు గేము మొదలైన పది నిమిషాలకు ఆగిపోతుంటే ర్యామ్ మార్చి చూశాం, విండోస్ మళ్లీ వేశాం, కార్డుదే లోపమని తిప్పి పంపేందుకు పెట్టెలో కూడా సర్దేశాం. చివరకు ఎవరూ చూడని ఈ గడిని చూస్తే అక్కడ సరిగ్గా 16 ఆంపియర్లే ఉన్నాయి. ఆ రెండు వారాల తిప్పలు లేబుల్ చదివే రెండు నిమిషాల్లో తప్పిపోయేవి.

కొన్ని లేబుళ్ల మీద 12వీ1, 12వీ2 అని రెండు గడులు ఉంటాయి. ఆ రెండు సంఖ్యలను కూడి సంతోషపడకూడదు. రెండూ కలిపి గరిష్ఠంగా ఎన్ని వాట్లు ఇవ్వగలవో వాటి కిందే విడిగా రాసి ఉంటుంది, లెక్కలోకి తీసుకోవలసింది ఆ సంఖ్యనే. పీక్ అనే మాట పక్కన ఉన్న వాట్లు క్షణకాలానికి సంబంధించినవి కాబట్టి వాటినీ వదిలేయాలి. అసలు పట్టికే లేని ఎస్‌ఎంపీఎస్ అయితే ఇక ఆలోచించవలసిన పని లేదు, దాన్ని మార్చాల్సిందే.

రెండో అడుగు: కంప్యూటరు ఎంత తీసుకుంటుందో లెక్క వేయడం

గ్రాఫిక్స్ కార్డు ఎన్ని వాట్లు తీసుకుంటుందో తయారీదారులే ప్రకటిస్తారు. ఆర్‌టీఎక్స్ 5060కి 145, ఆర్‌టీఎక్స్ 5070కి 250, ఆర్‌టీఎక్స్ 5080కి 360, ఆర్‌టీఎక్స్ 5090కి 575 వాట్లు. ఏఎండీ కార్డుల్లో ఆర్‌ఎక్స్ 7600కు 165, ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీకి 304 వాట్లు. ఇవి మూల నమూనా సంఖ్యలు. మూడు ఫ్యాన్లు పెట్టి, ఫ్యాక్టరీలోనే వేగం పెంచి అమ్మే రకాలు ఇంతకంటే కొంత ఎక్కువ తీసుకుంటాయి కనుక కొనబోయే కచ్చితమైన మోడల్ పేజీ చూసుకోవడం మంచిది.

ప్రాసెసర్ దగ్గర చాలామంది పొరబడతారు. ఐ5-12400ఎఫ్ పెట్టె మీద 65 వాట్లు అని ఉన్నా, అది మూల వేగంలో నడిచేటప్పటి సంఖ్య. టర్బోలో, అంటే పని ఎక్కువైనప్పుడు అది వేగం పెంచుకున్నప్పుడు, దాని గరిష్ఠం 117 వాట్లు. ఐ7-14700కె విషయంలో ఈ తేడా ఇంకా పెద్దది: మూల సంఖ్య 125, గరిష్ఠం 253. ఎస్‌ఎంపీఎస్ లెక్కకు ఎప్పుడూ గరిష్ఠాన్నే తీసుకోవాలి. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్కు, ఫ్యాన్లు, యూఎస్‌బీకి తగిలించిన వస్తువులు అన్నింటికీ కలిపి 60 వాట్లు కేటాయిస్తే సాధారణంగా సరిపోతుంది.

మన ఉదాహరణలో కార్డుకు 250, ప్రాసెసర్‌కు 117, మిగతావాటికి 60, మొత్తం 427 వాట్లు. ఇంత భారం ఎస్‌ఎంపీఎస్ రేటింగులో మూడింట రెండు వంతులు దాటకుండా ఉంటే అది చల్లగా, తక్కువ శబ్దంతో నడుస్తుంది, హఠాత్తుగా పెరిగే భారాన్ని తట్టుకునేందుకు చోటూ ఉంటుంది. ఆ లెక్కన 650 వాట్లు కావాలి. ఆర్‌టీఎక్స్ 5070కి దాన్ని రూపొందించిన ఎన్విడియా కంపెనీ సూచించేదీ 650 వాట్లే. కంపెనీ సూచన ఎక్కువ వాట్ల ప్రాసెసర్‌ను, మధ్యరకం ఎస్‌ఎంపీఎస్‌ను కూడా దృష్టిలో పెట్టుకుని ఇచ్చేది కాబట్టి మన లెక్క దానికంటే కొంచెం తక్కువకు వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఎక్కువకు వస్తే మాత్రం మన లెక్కనే నమ్మాలి.

ఏడాది రెండేళ్లలో ప్రాసెసర్ కూడా మార్చే ఆలోచన ఉంటే ఇప్పుడే 750 వాట్లది తీసుకోవడం తెలివైన పని. ఇదే మదర్‌బోర్డు మీద ఐ7-14700కె పెడితే మొత్తం 563 వాట్లకు చేరుతుంది. అంతకు మించి, అవసరం లేకపోయినా 1000 వాట్లది కొనడం నాకు సమంజసంగా తోచదు. వాట్లు ఎక్కువైనంత మాత్రాన కంప్యూటరుకు హాని జరగదు, కరెంటు బిల్లూ పెరగదు. ఎస్‌ఎంపీఎస్ తనను అడిగినంతే ఇస్తుంది. అయితే అదే డబ్బుతో మేలురకం 750 వాట్లది వస్తున్నప్పుడు నాసిరకం 1000 వాట్లది ఎందుకు కొనాలి?

గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత శాతం కంప్యూటరుకు చేరుతుందో చెప్పే దక్షత గురించి ఒక అపోహను ఇక్కడే తొలగించుకోవాలి. 80 శాతం దక్షత గల 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ 400 వాట్లే ఇస్తుందని కొందరు అనుకుంటారు. రేటింగు అనేది కంప్యూటరు లోపలికి ఇచ్చే వాట్లు. అది 500 వాట్లు ఇవ్వాలంటే గోడ నుంచి 625 తీసుకుంటుంది, మిగిలిన 125 వేడిగా పోతాయి.

మూడో అడుగు: క్షణికమైన ఉరవడిని లెక్కలోకి తీసుకోవడం

మనం వేసిన 427 వాట్లు పూర్తి భారంతో నడిచేటప్పటి సగటు. కార్డు లోపల మాత్రం భారం సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ కాలంలో ఎగసిపడుతూ ఉంటుంది. గేములో ఒక దృశ్యం నుంచి మరో దృశ్యానికి మారే క్షణంలో 250 వాట్ల కార్డు అంతకు చాలా పైకి వెళ్లి, మళ్లీ దిగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో కనిపించే సంఖ్యకు ఈ ఎగుడు దిగుళ్లు దొరకవు. ఎస్‌ఎంపీఎస్‌లోని రక్షణ వలయానికి మాత్రం దొరుకుతాయి. అది దాన్ని ప్రమాదంగా భావించి సరఫరాను కోసేస్తుంది. 2020లో ఆర్‌టీఎక్స్ 3080, 3090 కార్డులు వచ్చినప్పుడు, లెక్క ప్రకారం సరిపోవలసిన ఎస్‌ఎంపీఎస్‌లు కూడా ఉన్నట్టుండి ఆగిపోవడంతో ఈ సంగతి విస్తృతంగా చర్చకు వచ్చింది.

దీనికి పరిష్కారంగా ఇంటెల్ 2022లో ఎస్‌ఎంపీఎస్‌ల తయారీకి ఏటీఎక్స్ 3.0 అనే ప్రమాణాన్ని తెచ్చింది. ఆ ప్రమాణం పాటించి, కొత్తరకం గ్రాఫిక్స్ కనెక్టర్‌తో వచ్చే పెద్ద ఎస్‌ఎంపీఎస్ తన రేటింగుకు రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్ల పాటు, ఆగిపోకుండా భరించాలి. 650 వాట్లది 1300 వాట్ల ఉరవడిని ఆ కాస్త సమయం ఓర్చుకోవాలన్నమాట. 2023లో ఏటీఎక్స్ 3.1 వచ్చింది. కొత్తగా కొనేవారు, కార్డు 200 వాట్లు దాటితే, ఏటీఎక్స్ 3.0 గానీ 3.1 గానీ పాటించేదాన్నే ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఇంట్లో ఇప్పటికే నాణ్యమైన పాత 750 వాట్లది ఉంటే, మన ఉదాహరణలోని 427 వాట్ల కంప్యూటరు కోసం ప్రమాణం మారిందన్న ఒక్క కారణంతో దాన్ని పారేయనవసరం లేదు. అందులో ఉన్న అదనపు చోటే ఆ ఉరవడిని భరిస్తుంది.

నాలుగో అడుగు: కనెక్టర్లు, కేబుళ్లు

ఎక్కువ ప్రమాదాలు జరిగేది ఇక్కడే కనుక ఈ అడుగును నిదానంగా వేయాలి.

కార్డు మదర్‌బోర్డు గుంట నుంచి 75 వాట్ల వరకు తీసుకోగలదు. జీటీఎక్స్ 1650 మూల నమూనాకు ఆ 75 వాట్లే చాలు కనుక విడిగా కేబుల్ అవసరం లేకుండా నడిచింది. అంతకు మించితే ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా కేబుల్ రావాలి. ఆరు పిన్నుల కనెక్టర్‌కు 75, ఎనిమిది పిన్నులదానికి 150, కొత్త పదహారు పిన్నులదానికి గరిష్ఠంగా 600 వాట్లు అనుమతి. ఆర్‌టీఎక్స్ 5070 కార్డుల్లో ఎక్కువ వాటికి ఈ పదహారు పిన్నుల కనెక్టరే ఉంటుంది. పాత ఎస్‌ఎంపీఎస్‌తో వాడుకునేందుకు రెండు ఎనిమిది పిన్నుల కేబుళ్లను కలిపే అడాప్టర్ కార్డుతో పాటే వస్తుంది.

ఆ అడాప్టర్ వాడేటప్పుడు రెండు విడి కేబుళ్లు ఎస్‌ఎంపీఎస్ నుంచి రావాలి. ఒకే కేబుల్ చివర రెండు ప్లగ్గులు వేలాడే రకంలో ఆ రెండింటినీ గుచ్చితే, కార్డు భారమంతా ఒక్క కేబుల్ తీగల మీద, ఎస్‌ఎంపీఎస్ వైపు ఉన్న ఒక్క కనెక్టర్ మీద పడుతుంది. 225 వాట్లు దాటిన కార్డుకు విడి కేబుళ్లే వాడాలన్నది నేను పాటించే నియమం.

పదహారు పిన్నుల కనెక్టర్ గురించి కొంచెం వివరంగా తెలుసుకోవాలి. ఎనిమిది పిన్నులదానిలో 150 వాట్లు మూడు 12 వోల్టుల పిన్నుల మీదుగా వెళ్తాయి, అంటే ఒక్కో పిన్నుకు 4.2 ఆంపియర్లు. పదహారు పిన్నులదానిలో 600 వాట్లు ఆరు పిన్నుల మీదుగా వెళ్తాయి, ఒక్కోదానికి 8.3 ఆంపియర్లు. పిన్నులు చిన్నవి, వాటి మీద భారం రెట్టింపు. కాబట్టి ఒకటి రెండు పిన్నులు సరిగా తగలకపోతే మిగతావి వేడెక్కి ప్లాస్టిక్ కరిగిపోతుంది. 2022 అక్టోబరులో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చిన కొద్ది రోజులకే ఇలా కరిగిన కనెక్టర్ల ఫొటోలు బయటకు వచ్చాయి. తమ దగ్గరకు వచ్చిన వాటిని పరిశీలించిన ఎన్విడియా, చాలావాటిలో కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగలేదని చెప్పింది. తర్వాత వచ్చిన 12వీ-2×6 అనే సవరించిన రూపంలో, కార్డు ఎంత కరెంటు అడగవచ్చో చెప్పే సంకేతాల పిన్నులను పొట్టిగా చేశారు. ప్లగ్గు పూర్తిగా దిగకపోతే ఆ పిన్నులు తగలవు, కార్డు ఎక్కువ కరెంటు అడగదు. ఏటీఎక్స్ 3.1 ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చేది ఈ రూపమే. అయినా పద్ధతి మారదు: మీట పట్టుకునేదాకా నొక్కాలి, ప్లగ్గుకూ గుంటకూ మధ్య సందు లేదని టార్చిలైటు వేసి చూడాలి, కనెక్టర్ నుంచి కనీసం 35 మిల్లీమీటర్ల వరకు కేబుల్‌ను వంచకూడదు. క్యాబినెట్ గాజు తలుపు కేబుల్‌ను నొక్కుతుంటే ఆ క్యాబినెట్ ఆ కార్డుకు చాలదు.

ఇక ముట్టకూడని వస్తువులు. హార్డ్ డిస్కులకు కరెంటు ఇచ్చే సాటా కేబుల్ నుంచి ఆరు పిన్నులుగా మార్చే అడాప్టర్లు చవకగా దొరుకుతాయి. సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టులకు మూడు పిన్నులు, ఒక్కోదానికి 1.5 ఆంపియర్లు, మొత్తం 54 వాట్లు. దాని నుంచి 75 వాట్లు లాగాలనుకోవడం తెలిసి తెలిసి నిప్పుతో చెలగాటం. కార్డుకు కావలసినన్ని కనెక్టర్లు ఎస్‌ఎంపీఎస్‌కు లేవంటే, ఆ కార్డును నడిపేంత శక్తితో అది తయారు కాలేదని తయారీదారే చెప్పినట్టు లెక్క.

మాడ్యులర్ కేబుళ్ల విషయంలో చేసే ఒక పొరపాటు కంప్యూటరునే బలి తీసుకోగలదు. ఎస్‌ఎంపీఎస్ నుంచి ఊడదీయగలిగే ఈ కేబుళ్లకు కార్డు వైపు చివర అందరిదీ ఒకే తీరు. ఎస్‌ఎంపీఎస్ వైపు చివరకు మాత్రం ఉమ్మడి ప్రమాణం లేదు. ఒక కంపెనీ 12 వోల్టులు పెట్టిన పిన్నులో ఇంకో కంపెనీ ఎర్త్ పెట్టవచ్చు. ఒకే కంపెనీ రెండు మోడళ్ల మధ్య కూడా తేడా ఉండవచ్చు. ప్లగ్గు సులువుగా లోపలికి దిగుతుంది, స్విచ్చి వేయగానే ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్కు కాలిపోతాయి, అందులోని ఏళ్లనాటి ఫొటోలతో సహా. కాబట్టి ఎస్‌ఎంపీఎస్ మార్చినప్పుడు, పాత కేబుళ్లు చక్కగా కట్టి ఉన్నాయి కదా అని వాటినే ఉంచకుండా ప్రతి కేబుల్‌నూ తీసేసి, కొత్త పెట్టెలో వచ్చినవే వాడాలి.

అయిదో అడుగు: నాణ్యతను గుర్తించడం

80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ ముద్రలు దక్షతను మాత్రమే చెబుతాయి. డెస్క్‌టాప్‌లకు వర్తించే 230 వోల్టుల కొలత ప్రకారం సగం భారం మీద బ్రాంజ్‌కు 88, గోల్డ్‌కు 92 శాతం ఉండాలి. రోజుకు నాలుగు గంటలు 400 వాట్ల భారంతో గేములు ఆడినా ఈ తేడా వల్ల ఏడాదికి మిగిలేది 29 యూనిట్లే. యూనిట్ 8 రూపాయలనుకుంటే 230 రూపాయలు. కాబట్టి కరెంటు ఆదా కోసమే గోల్డ్ కొనాలన్న వాదనలో బలం లేదు. గోల్డ్ సాధించడానికి కంపెనీలు మెరుగైన లోపలి నిర్మాణం వాడవలసి రావడం, వేడి తగ్గడం, ఫ్యాన్ శబ్దం తగ్గడం అసలు లాభాలు.

80 ప్లస్ ముద్ర కోసం చేసే పరీక్షను 23 డిగ్రీల సెల్సియస్ దగ్గర జరుపుతారు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో, గోడకు ఆనించిన క్యాబినెట్ లోపల ఎంత వేడి ఉంటుందో మనకు తెలుసు. అందుకే ఎస్‌ఎంపీఎస్ పూర్తి రేటింగును ఎన్ని డిగ్రీల దగ్గర ఇస్తుందో చూడాలి. 40 డిగ్రీల దగ్గర ఇచ్చేదానికన్నా 50 డిగ్రీల దగ్గర ఇచ్చేది మన వేసవికి తగినది. లోపల కరెంటును నిలవ ఉంచే కెపాసిటర్లు 105 డిగ్రీల రకమై ఉండాలి. వోల్టేజి, కరెంటు, వేడి, షార్ట్ సర్క్యూట్ రక్షణలన్నీ ఉన్నాయని స్పెసిఫికేషన్లలో రాసి ఉండాలి. వాటిలో వేడి నుంచి రక్షణను చవక రకాల్లో తరచుగా వదిలేస్తారు.

ముద్ర ఉన్నంత మాత్రాన నిశ్చింత కాదనడానికి 2021 నాటి ఉదంతం ఒకటి ఉంది. గిగాబైట్ కంపెనీ 80 ప్లస్ గోల్డ్ ఎస్‌ఎంపీఎస్‌లు జీపీ-పీ750జీఎం, జీపీ-పీ850జీఎం సమీక్షకుల పరీక్షల్లో పేలిపోయాయి. ఆ ఏడాది ఆగస్టులో కంపెనీ అధిక భారం దగ్గర ఆగే హద్దును తగ్గించి, కొన్ని సీరియల్ నంబర్ల వాటిని మార్చి ఇస్తామని ప్రకటించింది. అందువల్ల కొనే ముందు ఆ కచ్చితమైన మోడల్‌ను పరికరాలతో పరీక్షించిన సమీక్ష ఒకటైనా చదవాలి. పెట్టె విప్పి చూపించే వీడియో సమీక్ష కిందకు రాదు. సమీక్ష దొరకకపోతే వారంటీని చూడండి. అయిదేళ్లు, ఏడేళ్లు, పదేళ్లు హామీ ఇచ్చే మోడల్ మీద తయారీదారుకు నమ్మకం ఉన్నట్టే. కంపెనీ పేరు ఒక్కటే చాలదు, మంచి పేరున్న కంపెనీలు కూడా చవక శ్రేణిని వేరుగా అమ్ముతాయి.

వాడేసిన ఎస్‌ఎంపీఎస్ కొనవద్దు. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ గ్రాఫిక్స్ కార్డులతో చేసే మైనింగ్‌ను వదిలేశాక, నెలల తరబడి రాత్రింబవళ్లు నడిచిన సరుకు సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి వచ్చింది. వాడిన కార్డును పరీక్షించి కొనవచ్చు. వాడిన ఎస్‌ఎంపీఎస్ లోపల కెపాసిటర్లు ఎంత అరిగాయో బయటి నుంచి తెలుసుకునే దారి లేదు.

ఆరో అడుగు: కొలతలు సరిచూసుకోవడం

మామూలు ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ వెడల్పు 150, ఎత్తు 86 మిల్లీమీటర్లు. పొడవు మాత్రం 140 నుంచి 180 వరకు మారుతుంది. క్యాబినెట్ అడుగున హార్డ్ డిస్కుల అర ఉంటే పొడవైనది పట్టకపోవచ్చు, టేపుతో కొలిచి చూడండి.

సికింద్రాబాద్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల, ఆఫీసుల నుంచి వచ్చిన బ్రాండెడ్ కంప్యూటరు కొని దానికి కార్డు వేయాలనుకునేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. డెల్ ఆప్టిప్లెక్స్ 9020 టవర్‌లో 290 వాట్ల ఎస్‌ఎంపీఎస్, దాని చిన్న రూపంలో 255 వాట్లది ఉంటుంది. మదర్‌బోర్డుకు వెళ్లే ప్లగ్గు మామూలు 24 పిన్నులది కాదు, కంపెనీ సొంత ఎనిమిది పిన్నుల రకం. చిన్న రూపంలో మామూలు ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ అసలు పట్టదు. అలాంటి కంప్యూటరుకు 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ వంటి, విడి కేబుల్ అక్కర్లేని కార్డుతో సరిపెట్టుకోవడమే సరైన నిర్ణయం.

ఏడో అడుగు: ఇంటి కరెంటు, యూపీఎస్, ఇన్వర్టర్

427 వాట్లు లోపల ఇవ్వాలంటే 90 శాతం దక్షతతో గోడ నుంచి 475 వాట్లు కావాలి. ఇంట్లో ఉన్నది 600 వీఏ యూపీఎస్ అయితే అది ఇవ్వగలిగేది సాధారణంగా 360 వాట్లే. పాత కార్డుతో ఇన్నాళ్లూ బాగానే నడిచిన యూపీఎస్, కొత్త కార్డు పెట్టాక గేము మధ్యలో కరెంటు పోగానే కేకపెట్టి ఆగిపోతుంది. యజమాని కార్డును తిట్టుకుంటారు. వీఏ సంఖ్యను పక్కనపెట్టి వాట్ల సంఖ్యను చూడాలి. ఈ కంప్యూటరుకు, మానిటర్‌తో కలిపి, 600 వాట్లకు పైగా ఇచ్చే 1000 లేదా 1100 వీఏ యూపీఎస్ కావాలి.

ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవారు రెండు విషయాలు చూడాలి. మొదటిది మారే వేగం. కరెంటు పోయి బ్యాటరీకి మారే ఆ కొద్ది మిల్లీసెకన్లలో ఎస్‌ఎంపీఎస్ తన లోపల నిలవ ఉన్న కరెంటుతో కంప్యూటరును నిలబెట్టాలి. ఏటీఎక్స్ 3.1 పూర్తి భారం మీద కనీసం 12 మిల్లీసెకన్లు కోరుతుంది. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్ అనే మీట ఉంటుంది. దాన్ని ఆ వైపు పెడితే త్వరగా మారతాయి. రెండోది తరంగం ఆకారం. మంచి ఎస్‌ఎంపీఎస్‌లలో, గోడ నుంచి కరెంటును సక్రమంగా తీసుకునేందుకు ఉండే యాక్టివ్ పీఎఫ్‌సీ వలయానికి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లు నప్పవు, సైన్ వేవ్ రకమే వాడాలి.

క్యాబినెట్‌ను తాకితే చిన్నగా షాక్ కొడుతోందంటే ఎస్‌ఎంపీఎస్ పాడైందని మార్చేస్తుంటారు. చాలా సందర్భాల్లో లోపం ఎర్తింగ్‌లో ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి అతి కొద్ది కరెంటు క్యాబినెట్‌కు చేరడం సహజం, అది ఎర్త్ తీగ ద్వారా భూమిలోకి పోవాలి. ఎర్త్ లేని బోర్డులో అది మన వేలి ద్వారా పోతుంది. కొత్త కార్డు కొనకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్‌లో ఎర్తింగ్ చూపించుకోండి. అమెరికా నుంచి బంధువులు తెచ్చే ఎస్‌ఎంపీఎస్ 100 నుంచి 240 వోల్టుల రకమైతే ఇక్కడ నడుస్తుంది, మూడు పిన్నుల తీగ ఇక్కడిది కొనుక్కుంటే చాలు. వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో మాత్రం ముందే కనుక్కోవాలి.

ఎనిమిదో అడుగు: బిగించడం

స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, మిగిలిన కరెంటు పోయేలా పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను ఎప్పుడూ విప్పకూడదు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో ప్లగ్గు తీశాక కూడా ప్రాణం తీయగల వోల్టేజి నిలిచి ఉండవచ్చు. క్యాబినెట్ అడుగున గాలి రంధ్రాలు, ఫిల్టర్ ఉంటే ఫ్యాన్ కిందికి చూసేలా, లేకపోతే పైకి చూసేలా పెట్టండి. ప్రాసెసర్ కేబుల్ 4+4గా చీలుతుంది, కార్డు కేబుల్ 6+2గా చీలుతుంది. రెండింటిలో 12 వోల్టులు, ఎర్త్ తారుమారుగా ఉంటాయి కనుక ప్లగ్గు దిగనప్పుడు బలం వాడకూడదు, ఒకదాని చోట ఇంకొకటి పెడుతున్నామేమో చూసుకోవాలి. కార్డును గుంటలో నొక్కి మరలు బిగించాక, కేబుల్ బరువు కనెక్టర్ మీద వేలాడకుండా కట్టండి.

తొమ్మిదో అడుగు: పరీక్షించడం

మొదటి రోజే భారం వేసి చూడాలి, ఎందుకంటే సరుకు తేలికగా మార్చి ఇచ్చే గడువు కొద్ది రోజులే ఉంటుంది. వోల్టేజి, వేడి వంటివి చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ తెరిచి 12 వోల్టుల వరుసను చూస్తూ, కంప్యూటరు మీద భారం వేసే ఓసీసీటీ అనే సాఫ్ట్‌వేర్‌లోని పవర్ పరీక్షను అరగంట నడపండి. అది ప్రాసెసర్‌ను, కార్డును ఒకేసారి పూర్తి భారంలో పెడుతుంది. వోల్టేజి 11.4కూ 12.6కూ మధ్య ఉండాలి. సాఫ్ట్‌వేర్ చూపే సంఖ్య మదర్‌బోర్డు చెప్పేది కనుక అనుమానం వస్తే మల్టీమీటరుతో పాత నాలుగు పిన్నుల మోలెక్స్ ప్లగ్గులో పసుపు, నలుపు తీగల మధ్య కొలవాలి.

కంప్యూటరు నీలం తెర చూపకుండా, తటాలున ఆరిపోతే లేదా దానంతట అదే మళ్లీ మొదలైతే మొదటి అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీద పెట్టుకోవాలి. విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని కనిపిస్తే అది కారణం చెప్పినట్టు కాదు, సరిగా మూయకుండా ఆగిందని మాత్రమే దానర్థం. అప్పుడు ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కార్డు పవర్ లిమిట్‌ను 80 శాతానికి దించి అదే పరీక్ష మళ్లీ నడపండి. 250 వాట్లు 200కు తగ్గాయి కనుక ఇప్పుడు ఆగకుండా నడిస్తే సరఫరా చాలడం లేదన్న అనుమానం బలపడుతుంది. కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనేందుకు డబ్బు సమకూరేదాకా ఆ హద్దుతోనే, వేగం కాస్త తగ్గినా, కార్డును వాడుకోవచ్చు. లేబుల్ మీద 16 ఆంపియర్లున్న ఎస్‌ఎంపీఎస్‌తో మాత్రం ఈ సర్దుబాటు కూడా చేయవద్దు, పాత జీటీఎక్స్ 1650నే తిరిగి పెట్టుకోండి.

వారం గడిచాక ఒకసారి కంప్యూటరు ఆపి, తలుపు తెరిచి, కార్డు దగ్గరి కనెక్టర్‌ను తీసి ప్లాస్టిక్ రంగు మారిందేమో చూసి మళ్లీ పూర్తిగా నొక్కండి. బిల్లును ఫొటో తీసి దాచండి. దుకాణాల్లో ఇచ్చే కాగితం మీది అక్షరాలు ఏడాదికే వెలిసిపోతాయి, వారంటీ మాత్రం అంతకు ఎన్నో ఏళ్లు ఉంటుంది.